చెరువు కట్ట మీద ఊరూ సర్కారూ: జిగణి ప్రాంతపు నీటి పొత్తుల చరిత్ర

జిగణి బెంగళూరు నగర జిల్లాలోని ఆనేకల్ తాలూకాకు చెందిన ఊరు. పడమట బన్నేరుఘట్ట అడవి, తూర్పున బొమ్మసంద్ర, హెబ్బగోడి పారిశ్రామికవాడలు, తాలూకా పొలిమేర దాటితే తమిళనాడులోని హోసూరు. ఈరోజు జిగణి పేరు చెబితే గ్రానైటు పలకలు కోసే కార్ఖానాలు, మందుల కంపెనీలు, లారీల వరసలు గుర్తొస్తాయి. అంతకుముందు శతాబ్దాల తరబడి ఇది చెరువు కింద వరి, మెరక మీద రాగి పండించుకున్న పల్లె. ఏడాది పొడవునా నమ్ముకోదగ్గ నది ఈ ప్రాంతానికి లేదు. పడిన వానను పల్లంలో కట్ట వేసి ఆపుకుంటేనే మడి తడిసేది, బావి ఊరేది. ఒక చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు కాలువ వెంట కింది ఊరి చెరువులోకి వెళ్లేది. ఈ గొలుసుకట్టులో పైన ఒక కట్ట తెగితే కింద ఉన్నవన్నీ ప్రమాదంలో పడతాయి. అందువల్ల చెరువు ఏనాడూ ఒక్క ఊరి వ్యవహారంగా ఉండలేదు. పక్క ఊరితో సర్దుబాటు కావాలి, పాలకుడి అండ కావాలి, ఊళ్లో నాలుగు కులాల చేతులూ కలవాలి. ప్రజా సంఘాలు, స్థానిక సంస్థలు, రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వాలు కలిసి పనిచేయడమనే సంగతిని ఈ ప్రాంతంలో పరిశీలించాలంటే చెరువును మించిన దారి లేదు.

ఇలాంటి పొత్తు పూర్వం ఎలా ఉండేదో చెప్పే గొప్ప ఆధారం కడప సీమలో దొరికింది. పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు, ఉదయగిరి నుంచి పాలించిన భాస్కర భవదూరుడు ఆ చెరువు కట్టించాడు. రోజూ వెయ్యి మంది కూలీలు పనిచేశారనీ, రాయి తోలడానికి వంద బండ్లు తిరిగాయనీ, పని రెండేళ్లు సాగిందనీ శాసనం చెబుతుంది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను కూడా అది లెక్కగట్టింది. సిరీ ధర్మబుద్ధీ ఉన్న రాజు, నీటి శాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి నేల, దగ్గర్లో రాతి గని, పని తెలిసిన కూలీల బృందం ఆ అంగాల్లో ఉన్నాయి. డబ్బుకు, విద్యకు, శ్రమకు ఒకే జాబితాలో చోటివ్వడం ఆ శాసనం రాసినవారి చూపుకు నిదర్శనం. దోషాల్లో ఒకటి ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది: చెరువు రెండు రాజ్యాల పొలిమేర మీద ఉండటం. అధికారం రెండుగా చీలిన చోట గండి పడితే పూడ్చాల్సింది ఎవరో తేలదు. ఆనేకల్ తాలూకాకు ఈ దోషం ఎంత గట్టిగా తగిలిందో ముందు ముందు కనిపిస్తుంది.

ఆనేకల్ కోట, దాని పక్కనున్న పెద్ద చెరువు 17వ శతాబ్దం తొలినాళ్లలో సుగటూరు పాలెగార్ల వంశం వాళ్లు కట్టించినవని మైసూరు గెజెటీరు నమోదు చేసింది. చుట్టుపక్కల పల్లెల చెరువుల్లో చాలావాటికి కట్టించినవారి పేరే లేదు. కట్టడం ఒకసారి జరిగే పని. ఏటేటా కట్ట మీద మొలిచే చెట్లను కొట్టడం, ఎలుక బొక్కలు పూడ్చడం, జారిన రాతి పరుపును మళ్లీ పేర్చడం, కాలువల్లో పూడిక తీయడం అంతకంటే కష్టం. దీనికి పాత పాలకులు కనిపెట్టిన ఉపాయం భూమి. తెలుగు సీమల్లో చెరువు తవ్వించినవారికి, బాగుచేయించినవారికి దాని కింది పంటలోనో శిస్తులోనో పదో వంతును దశబంధం ఇనాంగా వదిలేవారు. కన్నడ సీమలో ఇదే పద్ధతి కట్టు కొడిగె, బిత్తువట్ట అనే పేర్లతో శాసనాల్లో కనిపిస్తుంది. ఇనాం తిన్నవాడు చెరువును బాగుగా ఉంచాలి. పాలకుడు కొంత శిస్తు వదులుకుని తెగని కట్టను సంపాదించుకునేవాడు. ఊరివాళ్లు ఒళ్లు వంచి మట్టి మోసేవారు. ముగ్గురికీ చెరువులో సొంత లాభం కనబడేది కాబట్టే ఈ ఒప్పందం రాజ్యాలు మారినా బతికింది.

చెరువు మీద రోజువారీ అధికారం నీరుగంటిది. పాత తూము నిర్మాణం చూస్తే అతని పని అర్థమవుతుంది. చెరువు లోపల, కట్టకు కాస్త దూరంలో రెండు నిలువు రాతి కంబాలు. వాటిని కలుపుతూ చిల్లులున్న అడ్డ పలకలు. చిల్లుల గుండా దిగే పొడవాటి కర్ర, ఆ కర్ర అడుగున తూము నోటికి సరిపోయే బిరడా. కర్ర పైకి లాగితే నీరు వదులుతుంది, దించితే ఆగుతుంది. చెరువు నిండుగా ఉన్న రోజుల్లో నీరుగంటి ఈదుకుంటూ వెళ్లి కంబం మీదికెక్కి కర్రను సరిచేసేవాడు. ఏ మడికి ఎంత సేపు, ఏ రాత్రి ఎవరి వంతు, తోక మడికి నీరు చేరిందా లేదా అన్నది అతని నోటి లెక్కలోనే ఉండేది. చెరువు సగమే నిండిన ఏడు ఎన్ని ఎకరాలకు నీరు సరిపోతుందో నాట్లకు ముందే రైతులు కూర్చుని తేల్చుకునేవారు. ఆ తీర్పును పొలంలో అమలు చేసేవాడు అతనే.

కోలారు, బెంగళూరు ప్రాంతాల్లో ఈ పని ఎక్కువగా దళిత కుటుంబాలది. కోత కాగానే కళ్లంలో మేర కొలిచి ఇచ్చేవారు, కొంచెం ఇనాం నేల కూడా ఉండేది. ఊరందరి నీటినీ పంచే మనిషికి ఊరి పెద్దల సభలో కూర్చునే చోటు లేదు. పాత గ్రామ వ్యవస్థను ఆదర్శంగా చూపే రచనలు ఈ సంగతిని దాటేస్తాయి. ఆ వ్యవస్థలో నీరు సక్రమంగా పారింది నిజమే. గౌరవం మాత్రం ఆ వంతున పారలేదు.

కట్టలు వేసిన చేతుల్లో తెలుగు చేతులు చాలా ఉన్నాయి. వడ్డెర్లను కన్నడ సీమలో ఒడ్డరు అనీ, భోవి అనీ పిలుస్తారు. దక్షిణ భారతం పొడవునా చెరువులు, బావులు, కాలువలు తవ్వుతూ తిరిగిన ఈ జనం ఇంటి భాష తెలుగు. మట్టి పని చేసే మన్నువడ్డెలు, రాయి కొట్టే రాతివడ్డెలు అని వీరిలో విభాగాలున్నాయి. ఊరి పక్కన గుడిసెలు వేసుకుని కుటుంబాలు కుటుంబాలుగా పనిలో దిగేవారు. మగవాళ్లు తవ్వితే ఆడవాళ్లు తట్టల్లో మోసేవారు, గాడిదల మీద తోలేవారు. గుత్త పని కాబట్టి కూలి తవ్విన మట్టి కొలతను బట్టి దక్కేది. గుంత మధ్యలో అక్కడక్కడ తవ్వకుండా మట్టి దిమ్మెలు నిలబెట్టేవారు. అసలు నేల ఎంత ఎత్తున ఉండేదో దిమ్మె చూపిస్తుంది, దాన్ని బట్టి లోతు కొలిచి లెక్క కట్టేవారు. కొలత పూర్తయ్యాకే ఆ దిమ్మెలు పడగొట్టేవారు.

1831లో మైసూరు పాలన బ్రిటిష్ కమిషనర్ల చేతికి వెళ్లి 1881లో మళ్లీ వడయార్లకు వచ్చింది. ఈ యాభై ఏళ్లలో చెరువుల పొత్తు స్వరూపం మారిపోయింది. 1856లో పబ్లిక్ వర్క్స్ శాఖ ఏర్పడింది. చీఫ్ ఇంజినీరు ఆర్.హెచ్. శాంకీ 1866లో మైసూరు చెరువులను పరిశీలించి, ఇంత విశాలమైన రాజ్యంలో కొత్త చెరువు కట్టడానికి ఖాళీ చోటు వెతకాలంటే చాలా తెలివి కావాలన్న అర్థం వచ్చేలా రాశాడు. బెంగళూరులోని శాంకీ చెరువు ఆయన పేరుతోనే ఉంది. ఇంజినీర్లు పాత చెరువుల పనితనాన్ని మెచ్చుకున్నారు. అయితే సర్కారు చూపు శిస్తు మీద పడింది. ఇనాములను తరచి చూసి తగ్గించడం, శిస్తును ఖజానాకు చేర్చడం, మరమ్మతు మాత్రం ఊరివాళ్ల వంతని చెప్పడం అప్పటి విధానమైంది. పాత ఒప్పందంలో పని, ప్రతిఫలం ఒకే చోట ఉండేవి. కొత్త పద్ధతిలో అవి విడిపోయాయి.

హోసూరు తాలూకా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని సేలం జిల్లాలో ఉండేది. ఆంధ్ర జిల్లాలదీ అదే ప్రభుత్వం. అక్కడ కుడిమరామత్తు పేరుతో రైతులు చేయాల్సిన చెరువు పనిని చట్టంలోకి ఎక్కించారు. 1858 నాటి మొదటి చట్టం కట్టకు ప్రమాదం వచ్చినప్పుడు ఊరివాళ్లను పనికి పిలిచే అధికారం ఇచ్చింది. ఆచారం ప్రకారం చేయాల్సిన పని ఎగ్గొట్టినవారు ఆ శ్రమ విలువకు రెట్టింపు చెల్లించాలని కూడా అందులో ఉంది. మనసొప్పి చేసే పనిని జరిమానా భయంతో చేయించాలని చూడటం ఎక్కువ ఫలితమివ్వలేదు. 1883లో మద్రాసు ప్రభుత్వమే చెరువుల పునరుద్ధరణ పథకం మొదలుపెట్టి, ఒక్కొక్క చెరువును కొలిపించి, లెక్కలు రాయించి, ఖర్చు భరించాల్సి వచ్చింది.

మైసూరు సంస్థానం వేరే దారి తొక్కింది. 1911లో చెరువు పంచాయతీల రెగ్యులేషన్ వచ్చింది. ఆయకట్టు రైతులు పంచాయతీగా ఏర్పడి చెరువు బాగోగులు చూసుకునే వీలు దానివల్ల కలిగింది. 1912 నుంచి 1918 దాకా దివాన్‌గా ఉన్న మోక్షగుండం విశ్వేశ్వరయ్య గ్రామాభివృద్ధి కమిటీలను ప్రోత్సహించాడు. ఊరు కొంత పోగుచేస్తే సర్కారు కొంత కలిపే పద్ధతి అప్పుడే బలపడింది. విశ్వేశ్వరయ్య పూర్వికులు ప్రకాశం, కర్నూలు సీమల మధ్య ఉన్న మోక్షగుండం నుంచి వలస వచ్చిన తెలుగువారు, ఆయన పుట్టింది నేటి చిక్కబళ్లాపుర జిల్లాలోని ముద్దేనహళ్లిలో. చెరువుల మీద ఆధారపడిన ఊరు ఎలా బతుకుతుందో ఆయనకు చిన్ననాటి నుంచీ తెలిసిన సంగతే. కాగితం మీద ఈ చెరువు పంచాయతీల ఏర్పాటు మంచిదే. అయితే పంచాయతీకి సొంత ఆదాయం చాలా తక్కువ, నిర్ణయం చివరికి రెవెన్యూ అధికారి దగ్గరే ఆగేది. పేరుకు భాగస్వామి అయినా ఊరు అర్జీదారుగానే మిగిలింది.

స్వాతంత్ర్యం వచ్చాక కేంద్ర ప్రభుత్వం కూడా రంగంలోకి దిగింది. 1952 అక్టోబర్ 2న మొదలైన సమాజాభివృద్ధి కార్యక్రమం ప్రజల శ్రమదానం, సర్కారు నిధులు కలపాలనుకుంది. ఆ కార్యక్రమంలో జనం చొరవ కనబడలేదని గుర్తించిన బల్వంత్‌రాయ్ మెహతా కమిటీ 1957లో మూడంచెల పంచాయతీరాజ్‌ను సిఫారసు చేసింది. అదే సమయంలో చెరువు కింద మిగిలిన పాత ఆసరా పోయింది. కర్ణాటక గ్రామ కొలువుల రద్దు చట్టం 1961లో వచ్చి 1963 నుంచి అమలైంది. వంశపారంపర్య కొలువులతో పాటు నీరుగంటి కొలువు కూడా రద్దయి, ఇనాం నేలలు పట్టా భూములయ్యాయి. పుట్టుకతో కట్టిపడేసే వెట్టి పోవడం న్యాయమే, అవసరమే. అయితే తూము ఎవరు తెరవాలి, జీతం ఎవరివ్వాలి అన్న ప్రశ్నకు చట్టం జవాబు చెప్పలేదు. ఆయకట్టు 40 హెక్టార్లకు మించిన చెరువులు చిన్ననీటి శాఖకు, అంతకంటే చిన్నవి జిల్లా పంచాయతీ వ్యవస్థకు వెళ్లాయి. చెరువు భూమి రెవెన్యూ శాఖది, చేపలు మత్స్యశాఖవి, గట్టున చెట్లు చాలాచోట్ల అటవీశాఖవి. ఊరికి మిగిలింది పేరు మాత్రమే.

జిగణిలో ఈ ఖాళీలోకి పరిశ్రమ వచ్చింది. 1966లో ఏర్పడ్డ కర్ణాటక పారిశ్రామిక ప్రాంతాభివృద్ధి మండలి బెంగళూరు దక్షిణాన వరసగా పారిశ్రామికవాడలు వేసింది. బొమ్మసంద్ర, జిగణి ఆ వరసలోవే. మెరక చేలు, మడులు ప్లాట్లయ్యాయి. బోరుబావి వచ్చాక చెరువు నీటి వంతు కోసం ఎవరూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన అవసరం లేకపోయింది. ఆయకట్టు లేని చెరువుకు ఆయకట్టు రైతుల సంఘం ఎక్కడి నుంచి వస్తుంది? గ్రానైటు కోసేటప్పుడు రాతిపొడి నీటితో కలిసి తెల్లటి బురదవుతుంది. దాన్ని ఎక్కడ పారబోయాలన్నది కొత్త చిక్కు. ఇళ్లు పెరిగాయి, మురుగు కాలువలు వెనకబడ్డాయి, పల్లంలో ఉన్న చెరువు మురుగు గుంటగా మారడం మొదలైంది. జిగణి గ్రామ పంచాయతీ స్థాయి నుంచి పురసభ అయింది. ఆనేకల్, చందాపుర, అత్తిబెలె, బొమ్మసంద్ర, హెబ్బగోడి, జిగణి పట్టణ స్థానిక సంస్థలు ఒకే తాలూకాలో ఇరుగుపొరుగున ఉన్నాయి. నీటి గొలుసు వీటి సరిహద్దులను పట్టించుకోదు.

ఇదే కాలంలో ఆంధ్రప్రదేశ్ ఈ రంగంలో దేశానికే పెద్ద ప్రయోగం చేసింది. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చి, చిన్ననీటి వనరులను, నీటి యాజమాన్యాన్ని పంచాయతీలకు అప్పగించదగ్గ విషయాల పట్టికలో చేర్చింది. ఆంధ్రప్రదేశ్ మరో మార్గం ఎంచుకుని 1997లో సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం చేసింది. ఆ ఏడాది జూన్‌లోనే 10 వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిగాయి. వాటిలో అత్యధికం చెరువుల సంఘాలు. సంఘం అధ్యక్షుడి సంతకంతో పని మంజూరు కావడం, కాలువ మరమ్మతు డబ్బు సంఘం ఖాతాలో పడటం అంతకుముందు ఎరగని సంగతి. తొలి ఏళ్లలో చాలాచోట్ల తోక పొలాలకు నీరు చేరింది. తర్వాత నిధులు సన్నగిల్లాయి, ఎన్నికలు వాయిదాలు పడ్డాయి, కొన్ని సంఘాలు కాంట్రాక్టర్ల చేతిలోకి వెళ్లాయి. ఓటు భూ రికార్డుల్లో పేరున్నవారికే కాబట్టి రికార్డుకెక్కని కౌలు రైతులు, కూలీలు, చేపలు పట్టేవాళ్లు బయటే ఉండిపోయారు.

కర్ణాటక 2000 ప్రాంతంలో జల సంవర్ధన యోజన సంఘాన్ని ఏర్పాటు చేసింది. ప్రపంచ బ్యాంకు అప్పుతో 2002 నుంచి కోలారు, తుమకూరు, చిత్రదుర్గం వంటి జిల్లాల్లో చెరువు వాడుకదారుల సంఘాల ద్వారా పనులు నడిపింది. ఈ ప్రాజెక్టులో నేర్చుకోదగ్గది సంఘం కూర్పు. ఆయకట్టు రైతులతో పాటు భూమి లేనివాళ్లను, ఆడవాళ్లను, పశువుల కాపరులను చేర్చాలన్న నియమం పాత నీరుగంటికి జరిగిన అన్యాయాన్ని కొంతైనా సరిదిద్దే ప్రయత్నం. ప్రాజెక్టు నడిచినన్నాళ్లు సంఘాలు కదిలాయి. డబ్బు అయిపోయాక పంచాయతీకీ సంఘానికీ మధ్య చెరువు ఆదాయం, ముఖ్యంగా చేపల వేలం సొమ్ము ఎవరిదన్న తగువు చాలాచోట్ల మిగిలింది.

తెలంగాణలో 2015 మార్చి 12న మిషన్ కాకతీయ మొదలైంది. 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలన్నది లక్ష్యం. ఇందులో జనం వాటా ఏమిటన్నది సూటిగా కనబడేది. సర్కారు యంత్రంతో పూడిక తీయించి ట్రాక్టరులో వేయించేది, పొలానికి తోలుకునే ఖర్చు రైతు పెట్టుకునేవాడు. చెరువు మట్టి వేస్తే ఎరువు ఖర్చు తగ్గుతుందని రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. తన చేనుకు వెంటనే అందే లాభం కాబట్టి ట్రాక్టర్ల వరసలు కట్టల మీద నిలబడ్డాయి. పూడిక అయిపోయాక తూము, అలుగు, కాలువ చూసుకునే శాశ్వత సంఘం మాత్రం ఆ పథకంలో గట్టిగా రూపుకట్టలేదు.

బెంగళూరు నగరంలో చెరువు వాడుకే వేరైంది కాబట్టి పొత్తు కూడా వేరుగా పుట్టింది. 1985లో నియమితమైన లక్ష్మణరావు కమిటీ చెరువులను కాపాడాలని సిఫారసు చేసింది. 2002లో చెరువుల అభివృద్ధి ప్రాధికార సంస్థ ఏర్పడింది. అది కొన్ని చెరువులను ప్రైవేటు సంస్థలకు లీజుకు ఇవ్వడంతో చేపలు పట్టేవాళ్లు, పశువులు మేపేవాళ్లు, నడకకు వచ్చేవాళ్లు వాటికి దూరమయ్యారు. 2008లో ఎన్విరాన్‌మెంట్ సపోర్ట్ గ్రూప్ హైకోర్టుకు వెళ్లింది. జస్టిస్ ఎన్.కె. పాటిల్ నేతృత్వంలోని కమిటీ నివేదిక ఆధారంగా 2012లో కోర్టు జిల్లాల స్థాయిలో చెరువుల రక్షణ కమిటీలు వేయాలని ఆదేశించింది. చెరువు ఉమ్మడి ఆస్తి అన్న మాటకు ఈ తీర్పు మళ్లీ బలమిచ్చింది. మరోపక్క జె.పి.నగర్ దగ్గరి పుట్టేనహళ్లి చెరువు కోసం ఇరుగుపొరుగువారు 2010లో ట్రస్టు పెట్టుకుని, 2011లో బృహత్ బెంగళూరు మహానగర పాలికెతో అవగాహన ఒప్పందం రాసుకున్నారు. పౌరులు ఒక చెరువు నిర్వహణను లిఖితపూర్వకంగా పాలికెతో పంచుకోవడంలో అది తొలి అడుగుల్లో ఒకటి. 2020లో హైకోర్టు ఇలాంటి ఒప్పందాలకు, ముఖ్యంగా కంపెనీలతో చేసుకునేవాటికి అడ్డుకట్ట వేసింది. చెరువు ప్రైవేటు చేతుల్లోకి జారకూడదన్న కోర్టు ఆందోళన సబబైనదే. ఏళ్లుగా సొంత డబ్బు, శ్రమ పెట్టిన ఇరుగుపొరుగు సంఘాలకు, కంపెనీలకు మధ్య తేడా చూడాల్సిన బాధ్యత మాత్రం మిగిలిపోయింది.

నగరం అంచున ఉన్న ఆనేకల్ తాలూకాలో కొత్త భాగస్వామి కంపెనీ. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమలై, పెద్ద కంపెనీలు సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలంది. బొమ్మసంద్ర ప్రాంతంలోని సన్సేరా ఇంజినీరింగ్‌లో పనిచేసిన మెకానికల్ ఇంజినీరు ఆనంద్ మల్లిగవాడ్ ఆ నిధులతో 2017లో క్యాలసనహళ్లి చెరువు బాగుచేయించాడు. 36 ఎకరాల ఆ చెరువు అప్పటికి ఎండిపోయి ఉంది. సుమారు కోటి రూపాయల ఖర్చుతో, నెలన్నర పనితో పూడిక తీశారు. తీసిన మట్టిని బయటికి అమ్మకుండా చెరువు మధ్యలో దీవులుగా పోసి మొక్కలు నాటారు. ఆ ఏడాది వానలకు చెరువు నిండింది. సిమెంటు వాడకుండా మట్టి, రాయి, మొక్కలతోనే పని ముగించడంలో పాత చెరువుల పరిశీలన కనిపిస్తుంది. ఆ తర్వాత వాబసంద్ర, కోనసంద్ర చెరువులు బాగయ్యాయి. ఈ పనుల్లో ఊరివాళ్ల ఒప్పుదల కీలకం. చెరువు శిఖంలో సాగు చేసుకుంటున్నవారు తప్పుకోవాలి, పనికి పంచాయతీ తీర్మానం కావాలి, జిల్లా యంత్రాంగం అనుమతి కావాలి. ఇంటింటికీ తిరిగి ఒప్పించడం యంత్రాలు నడపడం కంటే తేలికేమీ కాదు.

కంపెనీ డబ్బుతో వచ్చే పొత్తుకు ఒక పరిమితి ఉంది. పూడిక తీయడానికి నిధి సులభంగా దొరుకుతుంది, పైనుంచి వచ్చే మురుగును ఆపడానికి దొరకదు. చందాపుర చెరువు దీనికి సాక్ష్యం. పారిశ్రామిక వ్యర్థాలు, మురుగు చేరి పాడైన ఈ చెరువు సంగతిని జాతీయ హరిత ట్రిబ్యునల్ తనంత తానుగా విచారణకు తీసుకుంది. 2022 అక్టోబర్‌లో 500 కోట్ల రూపాయల పర్యావరణ పరిహారం జమ చేయాలని కర్ణాటక ప్రభుత్వాన్ని ఆదేశించింది. అక్కడి నీరు ముత్తానల్లూరు వైపు చెరువుల మీదుగా దక్షిణ పినాకినిలోకి, ఆ నది హోసూరు దగ్గరి కెలవరపల్లి జలాశయంలోకి చేరుతుంది. ఆ జలాశయంలో తెల్లటి నురగ పొర్లినప్పుడల్లా తమిళనాడు రైతులు కర్ణాటకను, కర్ణాటక అధికారులు నగర పాలికెను, పాలికె పరిశ్రమలను చూపించడం మామూలైంది. నది నీటి తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పోరుమామిళ్ల శాసనం పేర్కొన్న పొలిమేర దోషం ఇదే. దీన్ని ఒక ఊరి సంఘమో ఒక కంపెనీయో తీర్చలేదు. కాలుష్య నియంత్రణ మండలి, రెండు రాష్ట్రాలు, కేంద్రం ఒక చోట కూర్చుంటేనే కదిలే పని.

కేంద్రం పాత్ర 2005 నుంచి పెరిగింది. ఆ ఏడాది నీటి వనరుల మరమ్మతు, పునరుద్ధరణ పథకం ప్రయోగాత్మకంగా మొదలైంది. 2006లో అమల్లోకి వచ్చిన ఉపాధి హామీ చట్టం చెరువు పూడికను పంచాయతీ చేతిలోని పనిగా చేసింది. ఆ చట్టం కింద గ్రామసభ పనులను ఎంచేది, కూలి సొమ్ము కేంద్రం నుంచి వచ్చేది. వడ్డెర దిమ్మెల కొలతలాగే అక్కడా గుంత కొలిచే కూలి కట్టేవారు, కాకపోతే కొలత పుస్తకం సర్కారుది. 2022 ఏప్రిల్ 24న మొదలైన అమృత సరోవర్ కార్యక్రమం జిల్లాకు 75 చెరువుల చొప్పున, కనీసం ఎకరం విస్తీర్ణంలో, సుమారు 10 వేల ఘనపు మీటర్ల నీరు పట్టేలా కట్టాలని లక్ష్యం పెట్టుకుంది. ప్రతి సరోవరానికీ వాడుకదారుల బృందం ఉండాలన్నది అందులోని నిబంధన. 2023లో కేంద్ర జలశక్తి శాఖ ప్రకటించిన తొలి నీటి వనరుల గణన దేశంలో 24 లక్షలకు పైగా చెరువులు, కుంటలు, ఇతర నీటి వనరులను లెక్కించింది. చెరువు ఎక్కడుందో, ఎంతుందో, ఎవరు ఆక్రమించారో తెలిశాకే పంచుకోవడం సాధ్యం కాబట్టి ఈ లెక్క ఎప్పుడో జరగాల్సింది.

కర్ణాటకలో 2014 నాటి చెరువుల చట్టం కింద వచ్చిన ప్రాధికార సంస్థ 2018లో చెరువుల సంరక్షణ, అభివృద్ధి ప్రాధికార సంస్థగా మారి చిన్ననీటి శాఖ నీడలో పనిచేస్తోంది. జిగణి వంటి చోట ఒక చెరువును బాగుచేయాలంటే భూమి హద్దులు రెవెన్యూ శాఖ సర్వేతో తేలాలి, మురుగు పురసభ చూడాలి, కార్ఖానాల వ్యర్థాలు కాలుష్య మండలి చూడాలి, చెరువులను కలిపే రాజకాలువ మీది ఆక్రమణ తహసీల్దారు తొలగించాలి, నిధి కంపెనీ నుంచో కేంద్ర పథకం నుంచో రావాలి. ఈ అయిదుగురినీ ఎవరో ఒకచోట కూర్చోబెట్టాలి. ఆచరణలో ఆ పని ఎక్కువగా చేస్తున్నది చెరువు పక్కన ఉండే మనుషులే. బాగైన చెరువుల వెనక అర్జీలు పట్టుకుని తిరిగిన, సర్వే రాళ్లు వెతికిన, పూడిక లారీలను లెక్కబెట్టిన స్థానిక బృందం ఒకటి తప్పకుండా కనబడుతుంది. దశబంధం కాలంలో అలాంటివారికి పంటలో పదో వంతు దక్కేది. ఇప్పటి వాడుకదారుల బృందానికి చేపల వేలం సొమ్మును, పూడిక మట్టిని, తూము తాళాన్ని రాసివ్వాలా వద్దా అన్నది కర్ణాటకలోనూ, ఆంధ్ర, తెలంగాణల్లోనూ ఇంకా తేలని ప్రశ్న.